సంతకాల క్యూలో చివర నిలబడు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, నీ నవల మొదటి తొంభై పేజీలూ అందాయి. పేజీల సంగతి తర్వాత చెప్తాను, తిట్లున్నాయి. ముందు నువ్వడిగిన దానికి జవాబు. హ్యూస్టన్‌లో బిసొనెట్ వీధిలో ఉన్న ఆ మిస్టరీ పుస్తకాల షాపుకి రాబోయే రెండు నెలల్లో ఎవరెవరు రచయితలు సంతకాలు పెట్టడానికి వస్తున్నారో జాబితా అంతా రాసి, "వీళ్ళలో ఎవరిని కలిస్తే నాకు ఉపయోగం బాబాయ్ గారూ, ఎవరి చేతిలో నా రాతప్రతి పెట్టొచ్చు" అన్నావు.

ఎవరి చేతిలోనూ పెట్టకు తల్లీ. దాన్ని ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేసి వెళ్ళు. పాపం, ఆ వచ్చిన మనిషి ఊరూరా తిరుగుతూ, నిన్న ఒక రాష్ట్రంలో ఇవాళ ఇంకో రాష్ట్రంలో అన్నట్టుగా, రాత్రి ఏ హోటల్లో నిద్రపోయాడో తనకే గుర్తులేని స్థితిలో ఉంటాడు. నువ్వు నాలుగొందల పేజీల కట్ట చేతిలో పెడితే నవ్వుతూ తీసుకుని హోటల్ గదిలో వదిలేస్తాడు, నేనైనా అదే చేస్తాను. నువ్వు వెళ్ళాల్సింది రచయితని చూడటానికి కాదు, అతని ఎదురుగా కూర్చున్నవాళ్ళని చూడటానికి. నేను నలభై ఏళ్ళు రాసి, డెబ్భై దాటాక నేర్చుకున్న విషయం ఇది, నీకు ఊరికే చెప్తున్నాను.

హ్యూస్టన్‌లో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలున్నప్పుడు తను నన్ను మొదటిసారి ఆ షాపుకి తీసుకెళ్ళింది. మర్డర్ బై ది బుక్ అని బోర్డు చూసి, మన డిటెక్టివ్ నవలల లైన్ వాళ్ళే అనుకున్నాను. 1980 నుంచీ అక్కడ ఉందట. అదే వీధిలో నడిచిపోయే దూరంలో బ్రాజోస్ అని ఇంకో మంచి పుస్తకాల షాపు ఉంది, అక్కడ కవిత్వం, చరిత్ర, అన్నీ దొరుకుతాయి. ఇక్కడ మాత్రం నేరమే. హత్యలు, దొంగతనాలు, గూఢచారులు, కోర్టులు. కోజీ అని ఒక రకం ఉంటుంది చూడు, పల్లెటూరు, పిల్లి, టీ, పక్కింటి మామ్మ హంతకుణ్ణి పట్టుకోవడం, అది అడిగేవాళ్ళు వేరే. రాత్రి, వాన, ఉద్యోగం పోయిన పోలీసు, ఆ నోయిర్ అడిగేవాళ్ళు వేరే. వీళ్ళకి అవీ వాళ్ళకి ఇవీ పొరపాటున ఇస్తే మళ్ళీ రారు. ఏ మనిషికి ఏది ఇవ్వాలో షాపులో వాళ్ళకి తెలుసు. పుస్తకం విడుదలకి కొన్ని నెలల ముందే ప్రచురణకర్తలు పంపే ముందస్తు కాపీలు ఇలాంటి షాపుల వాళ్ళు చదివేస్తారు, నచ్చితే చిన్న కార్డు ముక్క మీద నాలుగు లైన్లు చేత్తో రాసి ఆ పుస్తకం ఉన్న అర కింద అంటిస్తారు. ఆ కార్డు ముక్క చేసే పని పేపర్లో అరపేజీ ప్రకటన చెయ్యలేదని నా నమ్మకం.

ఇలాంటి షాపులు అక్కడ ఇంకా ఉన్నాయి. న్యూయార్క్‌లో మిస్టీరియస్ బుక్‌షాప్‌ని 1979 ఏప్రిల్ 13న, అక్కడివాళ్ళు అపశకునమనుకునే పదమూడో తారీకు శుక్రవారం నాడు తెరిచారు. మనవాళ్ళు అమావాస్య నాడు షాపు ప్రారంభించినట్టన్నమాట. అరిజోనాలో స్కాట్స్‌డేల్‌లో పాయిజన్డ్ పెన్ 1989 నుంచి ఉంది. అన్నీ నిలబడలేదు. లండన్‌లో చేరింగ్ క్రాస్ రోడ్డు మీద మర్డర్ వన్ అని పేరున్న షాపు 2009లో మూతపడింది. నిలబడినవి ఈ సంతకాల వల్లే చాలావరకు నిలబడ్డాయని నాకనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో పుస్తకం ఇంకా చౌకగా దొరుకుతుంది, కానీ రచయిత నీ కళ్ళ ముందు కలం తీసి నీ పుస్తకంలో పెట్టిన సంతకం దొరకదు కదా.

మా కాలంలో ఇదేదీ లేదు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు అంటే పడి చచ్చే రోజుల్లో నేను చదవడం మొదలుపెట్టాను, తర్వాత ఆ పిచ్చిలోనే రాయడం మొదలుపెట్టాను. మా పాకెట్ నవలలు బస్టాండ్ బడ్డీకొట్టులో తాడుకి బట్టల్లా వేలాడేవి, అద్దె పుస్తకాల షాపుల్లో రోజుకింత అని తిరిగేవి. నా పాఠకుడి మొహం నేనెప్పుడూ చూడలేదు. ఒక్కసారి మాత్రం, మా వీధి అద్దె షాపులో నా నవల నేనే తీసి తిరగేశాను. అట్ట ఊడిపోయి దబ్బనంతో కుట్టి ఉంది, చివరి ఫారం, అంటే ఆఖరి పేజీల కట్ట, సగం లేదు. టైటిల్ పేజీ మీద, నా పేరుకి సరిగ్గా కింద, ఎవడో పెన్సిల్‌తో "చంపింది డ్రైవర్ కాదు, పెద్ద కోడలు" అని రాసి, కింద గీత గీసి సంతకం పెట్టాడు. తేదీ కూడా వేశాడు మహానుభావుడు. చివరి పేజీలు లేకపోయినా వాడి దయవల్ల హంతకురాలెవరో అందరికీ తెలిసిపోతోంది. నా పుస్తకం మీద మొదటి సంతకం అదే, నాది కాదు.

రెండోది ఇంకా ఘోరం. చాలా ఏళ్ళ తర్వాత ఒక ఊళ్ళో, ఊరి పేరు వద్దులే, నా నవలకి ఆవిష్కరణ పెట్టారు. నలభై ప్లాస్టిక్ కుర్చీలు, పదిహేడు మంది మనుషులు, అందులో ముగ్గురు వేదిక మీదే. ముఖ్య అతిథి పుస్తకం నిజంగానే చదివొచ్చాడు, అదే మా కొంప ముంచింది. నలభై నిమిషాలు కథ మొత్తం చెప్పి, "చివరికి ఆ కాంపౌండరే హంతకుడని తెలిసినప్పుడు నేను నిర్ఘాంతపోయానండీ" అన్నాడు. సభలో చప్పట్లు. నాకు శాలువా కప్పారు. బల్ల మీద యాభై కాపీలు పెట్టాం, రెండు అమ్ముడుపోయాయి, ఒకటి మా బావమరిది కొన్నాడు. కాంపౌండర్ సంగతి తెలిసిపోయాక ఎవడు కొంటాడు చెప్పు?

అందుకని ఆ హ్యూస్టన్ షాపులో వెనక కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు అన్నిటికన్నా వింతగా తోచింది, అక్కడ హంతకుడి పేరు ఎవరూ ఎత్తకపోవడం. రచయిత కథ ఎలా మొదలైందో చెప్పాడు, మొదటి యాభై పేజీల్లో ఏముందో చెప్పాడు, అంతే, అక్కడ ఆగాడు. ఒక పెద్దావిడ లేచి ఏదో అడగబోయి, "కానీ అడిగితే చదవనివాళ్ళకి తెలిసిపోతుంది" అని తనే కూర్చుండిపోయింది. తర్వాత క్యూలో తన వంతు వచ్చినప్పుడు రచయిత చెవి దగ్గర వంగి అడిగింది. ఆయన నవ్వి తల ఊపాడు. ఏమడిగిందో తెలుసుకోవాలని నాకు ఎంత ఆరాటమో!

ఇక నువ్వు వెళ్ళేటప్పుడు కొన్ని పద్ధతులు తెలుసుకో. క్యూలో నిలబడి సంతకం తీసుకోవాలంటే ఆ రచయిత కొత్త పుస్తకం అక్కడే కొనాలి, ఇంటి నుంచి తెచ్చుకున్న పాతవి దాంతోపాటే. గట్టి అట్ట పుస్తకం 30 డాలర్లకి అటూ ఇటూ ఉంటుంది, నీ జీతానికి అదేం పెద్ద లెక్క కాదు, వెనకాడకు. అమెరికాలో కొత్త పుస్తకాలు మామూలుగా మంగళవారం విడుదలవుతాయి, పేరున్నవాళ్ళ సభలు ఆ వారంలోనే పడతాయి, కాబట్టి ఆఫీసులో ముందే చెప్పుకో. సంతకం టైటిల్ పేజీ మీద పెడతారు. షాపు వాళ్ళు పసుపు చీటీ మీద నీ పేరు స్పెల్లింగ్ రాయించి ఆ పేజీలో ఉంచుతారు, రచయిత చూసి రాయడానికి. మన పేర్లకి ఆ చీటీ ఎంత అవసరమో వేరే చెప్పాలా, మా అమ్మాయి పేరులో ఒక 'హెచ్' ఎక్కువేసి రాసినాయన పుస్తకం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. పుస్తకాలు దాచుకునే పిచ్చి ఉన్నవాళ్ళు పేరు రాయించుకోరు, ఉత్త సంతకమే అడుగుతారు. కాపీరైట్ పేజీ తిప్పి కింద అంకెల వరసలో 1 ఉందా లేదా చూసుకుంటారు, చాలా ప్రచురణ సంస్థల లెక్కలో ఆ 1 ఉంటే మొదటి ముద్రణ.

నువ్వు మాత్రం క్యూలో చివర నిలబడు. ఇది పద్ధతి కాదు, నా సలహా. ముందున్నవాళ్ళు ఒక్కొక్కరు ఆ అర నిమిషంలో రచయితతో ఏం మాట్లాడుతున్నారో చెవులు రిక్కించి విను. "మీ డిటెక్టివ్ పెళ్ళి చేసుకుంటాడా" అని అడిగేవాళ్ళే ఎక్కువ. నేను లెక్క పెట్టాను, ఒక సాయంత్రం హత్య గురించి అడిగినవాళ్ళు నలుగురు, డిటెక్టివ్ కుక్క గురించి అడిగినవాళ్ళు తొమ్మిది మంది. ఇంటికొచ్చి నా పాత నవలలు గుర్తు చేసుకున్నాను. నా డిటెక్టివ్‌కి కుక్క సంగతి దేవుడెరుగు, అమ్మా నాన్నా కూడా లేరు. పద్దెనిమిది నవలల్లో వాడు ఒక్కసారి భోంచేసినట్టు గుర్తు.

పెద్ద పేరున్నవాళ్ళ సభ వదిలేసినా ఫర్వాలేదు, మొదటి నవల రాసినవాళ్ళది మాత్రం వదలకు. అక్కడ పదిమందే ఉంటారు, ఒక్కోసారి అదీ ఉండరు. ఖాళీ కుర్చీల ముందు ఆ మనిషి ఏం చేస్తాడో చూడు. మైకు పక్కన పెట్టి కుర్చీ ముందుకి లాక్కుని కబుర్లలో పడితే పాసైనట్టే. రేపు నీ గతి కూడా అదే, ఇప్పుడే చూసి ఉంటే అప్పుడు టెన్షన్ పడవు. వెళ్ళే ముందు షాపులో మిగిలిన కాపీలన్నిటి మీదా సంతకాలు పెట్టి వెళ్తారు. కొనేవాళ్ళు లేని ఆ గంటలో ఆ పని ఎంత శ్రద్ధగా చేస్తారో చూస్తే ముచ్చటేస్తుంది.

ఇప్పుడు నీ తొంభై పేజీలు.

నీ కథ 2025లో హైదరాబాద్‌లో జరుగుతోందని మొదటి పేజీలోనే రాశావు. ముప్పై నాలుగో పేజీలో ఇన్‌స్పెక్టర్ "302 కింద బుక్ చేస్తాను" అంటాడు. అమ్మాయ్, 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకి పాత ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్యకి శిక్ష ఇప్పుడు 103. నీ ఇన్‌స్పెక్టర్ పాతకాలం మనిషి, నోటి అలవాటు కొద్దీ 302 అన్నాడంటే బాగుంటుంది, అప్పుడు పక్కనున్న కుర్ర ఎస్సై "సార్, 103" అని సర్దాలి. ఆ ఒక్క మాటతో ఇద్దరూ మనుషులైపోతారు. ఇప్పుడున్నట్టయితే తప్పు వాళ్ళది కాదు, నీది. ఇలాంటివి పట్టుకునే పాఠకులు ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్ళే. వాళ్ళు జీవితమంతా ఇవే చదివారు, పంచనామా ఎవరు రాస్తారో, శవాన్ని ఎవరు ముందు ముట్టుకోవాలో నీకంటే వాళ్ళకి బాగా తెలుసు.

ఇంకోటి, నీ డిటెక్టివ్ బంజారాహిల్స్‌లో వాన కోటు వేసుకుని తిరుగుతున్నాడు. మే నెలలో! అక్కడి నవలలు చదివిన ప్రభావం అది, తెలుస్తూనే ఉంది. చదవొద్దని అనను, కొత్తవి వచ్చినవి వచ్చినట్టు చదువు, షాపు వాళ్ళ కార్డు ముక్కలు చూసి నీకు అలవాటు లేని రకం కూడా నెలకొకటి కొను. కానీ వాళ్ళ కోటు వాళ్ళకి వదిలెయ్. నీ వాడికి చెమట పట్టించు. మూడో అధ్యాయంలో వాచ్‌మన్ భార్య లిఫ్ట్ దగ్గర ముగ్గు చెరిపేసి మళ్ళీ వేస్తుంది చూడు, ఎందుకు చెరిపిందో నువ్వు చెప్పలేదు, అది చదివి నేను ఆ రాత్రి రెండుసార్లు లేచి కూర్చున్నాను. ఆ ఆధారం నీకు నువ్వే పెట్టావో, తెలియకుండా పడిందో నాకు రాయి. తెలియకుండా పడితే మాత్రం కంగారుపడి చివర్లో ఎక్కడో వివరణ అతికించకు, కథని అటు తిప్పు.

అన్నట్టు నీకో పని. న్యూయార్క్ షాపు సంగతి చెప్పాను కదా, వాళ్ళు ఏటా క్రిస్మస్‌కి ఒక రచయిత చేత చిన్న కథ రాయించి, చిన్న పుస్తకంగా వేసి కొనుగోలుదార్లకి ఊరికే పంచేవారు. షరతులు మూడే. క్రిస్మస్ రోజుల్లో జరగాలి, మిస్టరీ ఉండాలి, కథలో కొంత భాగమైనా ఆ షాపులోనే జరగాలి. నువ్వు అలాంటిదొకటి రాయి. సంక్రాంతి, ఒక అద్దె పుస్తకాల షాపు, చివరి ఫారం చిరిగిపోయిన ఒక నవల. పది పేజీలు దాటకూడదు. నవల నీకు మొండికేసినప్పుడల్లా దీని దగ్గరికి రా.

నేను నవంబరులో మళ్ళీ వస్తున్నాను, మోకాళ్ళు ఒప్పుకుంటే. ఆ లోపు నువ్వు జాబితాలో రాసిన రెండో ఆవిడ, మొదటి నవలావిడ, ఆవిడ సభకి వెళ్ళి నాకొక కాపీ కొనిపెట్టు. పేరు రాయించకు, ఉత్త సంతకం చాలు. వెళ్ళొచ్చాక ఎంతమంది వచ్చారో, ఏమేం అడిగారో వివరంగా రాయి. కథ మాత్రం రాయకు. పుస్తకాన్ని మీ పిన్ని కంటపడకుండా మా అమ్మాయి చేతికే ఇవ్వు, పిన్ని ముందుగా చివరి పేజీ చదివి, పెన్సిల్ వెతుక్కునే రకం.

ఉంటాను,
మీ బాబాయ్
విజయవాడ