మక్క సాళ్ళ నడుమ మొరంగడ్డ వేస్తే అప్పు తీరుతుందా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మూడెకరాల చెలక, ఒక బోరు ఉన్నాయి. రెండెకరాలు పత్తి, ఎకరం మక్క (మొక్కజొన్న) వేస్తాం. ఇంట్లో మేమిద్దరం, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. రెండేండ్ల కింద బయట లక్షా యాభై వేలు రెండు రూపాయల మిత్తికి తెచ్చినం. మిత్తి కడుతున్నం గానీ అసలు కదలడం లేదు. బ్యాంకులో పంట రుణం 2024లో మాఫీ అయింది, మళ్ళీ తీసుకోలేదు. ఈసారి మక్కలో మొరంగడ్డ (చిలగడదుంప) కలిపి వేద్దామని నా ఆలోచన. పిల్లలు తింటారు, మిగిలింది అమ్ముకోవచ్చు. ఎకరం మొత్తం వేయాలంటే మహిళా సంఘంలో నలభై వేలు తీసుకోవాలి. మా ఆయన వద్దంటున్నడు. తీసుకోవచ్చా? – ఒక సోదరి

జవాబు: అమ్మా, గడ్డ వేయండి. కానీ పది గుంటల్లోనే, అంటే పావు ఎకరంలోనే వేయండి, దాని కోసం ఒక్క రూపాయి అప్పు చేయకండి. సంఘంలో దొరికే నలభై వేలకు ఇంతకన్నా మంచి పని ఉంది. అది తర్వాత చెబుతాను, ముందు మీ మిత్తి సంగతి చూద్దాం.

లక్షా యాభై వేలకు రెండు రూపాయల మిత్తి అంటే నెలకు 3,000, ఏడాదికి 36,000. రైతు భరోసా కింద ప్రభుత్వం ఎకరానికి ఏడాదికి 12,000 ఇస్తోంది. మీ మూడెకరాలకు అది 36,000. అంటే మీ భూమికి వచ్చే సాయం ఎంతో, అప్పు ఇచ్చినాయనకు పోయే మిత్తి సరిగ్గా అంతే. మీ ఉత్తరం చదివి ఈ లెక్క వేసుకున్నప్పుడు నాకు మనసు చివుక్కుమంది.

ఇప్పుడు మీరు అనుకుంటున్న ఎకరం గడ్డ లెక్క చూద్దాం. మక్క నడుమ వేసిన గడ్డ, విడిగా వేసినంత దిగుబడి ఇవ్వదు. జాగ్రత్త కోసం తక్కువే అనుకుందాం: పది గుంటలకు నాలుగు క్వింటాళ్ళు, ఎకరానికి పదహారు. కిలో పదిహేను రూపాయలకు పోతే 24,000 వస్తాయి. మీరు పెట్టేది 40,000. పెట్టుబడి తిరిగి రావాలన్నా కిలో ఇరవై ఐదు పలకాలి. మక్కకైతే మద్దతు ధర ఉంది, 2025–26కు క్వింటాలుకు 2,400. మొరంగడ్డకు అటువంటిదేమీ లేదు. మక్కలను వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు తీసుకుపోయినట్టు దీన్ని తీసుకుపోలేం. కూరగాయల మార్కెట్లోనో, ఊరి అంగడిలోనో అమ్ముకోవాలి. తవ్విన గడ్డ ఇంట్లో కొన్ని వారాలకు మించి నిలవదు. తవ్వకుండా భూమిలోనే వదిలేస్తే ముక్కుపురుగు తొలిచేస్తుంది. పదహారు క్వింటాళ్ళు ఒకేసారి చేతికొస్తే కొనేవాళ్ళు చెప్పిందే ధర. మీ ఆయన వద్దంటున్నది ఈ భయంతోనే అయితే, ఆయన భయంలో న్యాయం ఉంది.

మరి పది గుంటల్లో ఎందుకు వేయమంటున్నాను? మీ ఇంటి కోసం, ముఖ్యంగా మీ పిల్లల కోసం.

రేషన్‌లో 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. మీ అయిదుగురికి ముప్పై కిలోలు. మన వైపు ఇళ్ళల్లో లోటు ఇప్పుడు అన్నం దగ్గర కనబడదు, అన్నంలోకి ఏం కలుపుకుంటున్నారన్న దగ్గరే కనబడుతుంది. పత్తి, మక్క రెండూ అమ్ముకునే పంటలే. వేసిన మక్క కోళ్ళ దాణాకు పోతుంది. మూడెకరాలు ఉన్న ఇల్లు కూడా అంగడి రోజున కూరగాయలు కొనుక్కోవాల్సి వస్తోంది. వారానికి అయిదు వందలు అనుకున్నా ఏడాదికి 26,000 అవుతుంది. చేతిలో డబ్బు లేని వారం కూర తగ్గుతుంది, చారుతోనో పచ్చడితోనో సరిపెడతారు. ఆ లోటు ఏ ఖాతాలోనూ కనబడదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. గడ్డ ఒక్కటే దాన్ని నయం చేయదు. కానీ పొలం ఉన్న ఇంటి పళ్ళెంలో రకరకాల తిండి ఉండాలన్న మీ ఆలోచన చాలా మంచిది. దాన్ని వదులుకోకండి.

తినడానికే కాబట్టి రకం చూసి ఎంచుకోండి. తెల్ల గుజ్జు గడ్డలో విటమిన్ ఎ దాదాపు ఉండదు. నారింజ రంగు గుజ్జు ఉన్న గడ్డలో బాగా ఉంటుంది. ఆఫ్రికాలో మొజాంబిక్, ఉగాండా వంటి దేశాల్లో చిన్న రైతుల ఇళ్ళకు ఈ నారింజ గడ్డను చేర్చడంలో పనిచేసిన శాస్త్రవేత్తలకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. మన దేశంలో తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ 'భూ సోనా' అనే నారింజ రకాన్ని తీసుకొచ్చింది. దాని తీగలు ఎక్కడ దొరుకుతాయో మీకు దగ్గరలో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. దొరక్కపోతే ఈ ఏడాదికి మామూలు గడ్డతోనే మొదలుపెట్టండి. వండేటప్పుడు కొద్దిగా నూనె తగిలితే ఆ విటమిన్ ఒంటికి బాగా పడుతుంది. లేత ఆకును తోటకూర లాగా వండుకోవచ్చు. ఇంకో మాట: మక్క, గడ్డ రెండూ పిండి పదార్థాలే, మాంసకృత్తులు తక్కువ. అందుకే ఆ పది గుంటల గట్ల వెంట కంది, ఒక పక్కన బొబ్బర్లు తప్పకుండా పెట్టండి. ఒక బస్తా మక్కలు అమ్మకుండా ఇంటికి ఉంచుకోండి. మక్క రవ్వను ఉడికించి గటక చేయడం అత్తమ్మకు తెలిసే ఉంటుంది.

వేసే పద్ధతిలో ఒక్క విషయం పట్టుకుంటే సగం పని అయినట్టే. మక్క ఎత్తుగా పెరిగి నీడ వేస్తుంది. నీడలో గడ్డ తీగ పాకుతుంది గానీ గడ్డ ఊరదు. నిజామాబాద్, జగిత్యాల రైతులు పసుపులో మక్క వేసుకోవడం చూసే ఉంటారు. మక్క మూడున్నర నెలల్లో పోతుంది. పసుపు కొమ్ము బాగా ఊరేది ఆ తర్వాత, ఎండ తగిలినప్పుడు. మొరంగడ్డకూ అదే లెక్క పనికొస్తుంది. మృగశిరలో మక్క వేసుకోండి. ఉత్తర కార్తెలో, అంటే సెప్టెంబరు నడుమ, కింది ఆకులు ఎండుతున్నప్పుడు సాలు విడిచి సాలులో మట్టి ఎగదోసి తీగలు నాటండి. రెండు మూడు వారాలకు కంకులు విరిచి చొప్ప కోసేస్తే గడ్డకు పూర్తి ఎండ దొరుకుతుంది. అప్పటికి మక్కకు యూరియా వేయడం కూడా అయిపోయి ఉంటుంది. యూరియా ఎక్కువైతే తీగ బలుస్తుంది, గడ్డ తగ్గుతుంది.

పది గుంటల్లో సగం జాగాలో ఇలా సెప్టెంబరులో నాటండి, మిగతా సగంలో మక్క విరిచాక, అక్టోబరు మొదట్లో నాటుకోండి. మొదటి విడత సంక్రాంతికి, రెండోది శివరాత్రికి చేతికొస్తుంది. శివరాత్రి ఉపవాసానికి గడ్డ కొనని ఇల్లు మన దగ్గర తక్కువ. మా ఇంట్లో ఆ రోజు పొద్దున్నే అమ్మ పెద్ద గిన్నెలో ఉడకబెట్టేది. ఆ వాసనకే ఉపవాసం అయిపోయినట్టుండేది.

తీగలు కొనకండి. సాలు విడిచి సాలు, జానెడు దూరంలో పెడితే పది గుంటలకు సుమారు నాలుగు వేల ముక్కలు కావాలి. జూన్‌లో పురుగు లేని తీగలు కొన్ని తెచ్చి బోరు దగ్గర చిన్న మడిలో పెట్టండి, సెప్టెంబరుకు కావలసినన్ని ముక్కలు అవే ఇస్తాయి. మీకు మిగిలే ఖర్చు కూలి, నీళ్ళు, కొంచెం పొటాష్.

కూలి దగ్గరే చాలా మంది లెక్క తప్పుతారు. ఇప్పుడు మక్కకు గడ్డిమందు కొట్టి కలుపు సంగతి మరిచిపోతున్నాం. వెడల్పాటి ఆకుల మొక్కలను చంపే అట్రాజిన్ వంటి మందు మొరంగడ్డకు పడదు. కాబట్టి ఆ పది గుంటల్లో చేత్తోనే కలుపు తీయాలి. కంకులు కూడా చేత్తోనే విరవాలి, మిషన్ దింపితే తీగలు నలిగిపోతాయి. పది గుంటలైతే మీ ఇంటి మనుషులు చేసుకోగలరు. ఎకరమైతే కూలీలు కావాలి, లాభం అక్కడే కరిగిపోతుంది. కలిపి వేస్తే భూమి కలిసొస్తుందని శాస్త్రవేత్తలు చెప్పేది నిజమే. విడిగా వేస్తే వచ్చే మక్కలో పదింట ఎనిమిది వంతులు, గడ్డలో పదింట నాలుగు వంతులు వచ్చాయనుకోండి, రెండూ కలిపితే ఒక ఎకరం ఇరవై శాతం ఎక్కువ పని చేసినట్టు. కానీ ఆ లెక్కలో కూలి ఉండదు. మీ సంచిలోంచి పోయేది కూలి డబ్బులే.

మీ పొలం పాఖాల అడవికి దగ్గరగా ఉంటే మాత్రం ఆగి ఆలోచించండి. అడవి పందులకు మక్క, మొరంగడ్డ రెండూ ఇష్టమే. ఒక్క రాత్రిలో మొత్తం పెకిలించేస్తాయి. కంచెకు డబ్బు పెట్టేంత పంట కాదు ఇది. అలాంటి చోట గడ్డను ఇంటి పెరటికే ఉంచుకోండి. పసుపు జోలికి పందులు అంతగా రావు గానీ, ఎకరానికి ఎనిమిది నుంచి పది క్వింటాళ్ళ విత్తనం కావాలి, తర్వాత ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి. అప్పులో ఉన్నప్పుడు మొదలుపెట్టే పంట కాదు.

ఇప్పుడు సంఘం నలభై వేల సంగతి. ఆ డబ్బు తీసుకుని బయటి అప్పు అసలులో కట్టండి. నెలకు 800 రూపాయల మిత్తి అక్కడే తగ్గుతుంది. సంఘంలో రూపాయి మిత్తి పడ్డా మొదటి నెల 400, ఆ తర్వాత నెలనెలా తగ్గుతూ పోతుంది. ఒక్క షరతు ఉంది: సంఘం కిస్తు ప్రతి నెలా కట్టాలి, పత్తి డబ్బు మాత్రం ఏడాదికి ఒకసారే వస్తుంది. రెండేండ్ల కిస్తు నెలకు సుమారు 1,900 పడుతుంది. తగ్గే 800 పోగా ఇంకో 1,100 ప్రతి నెలా ఎక్కడి నుంచి తెస్తారో ముందే చూసుకోండి. పాలు అమ్ముతారా, కూలికి పోతారా, మిషన్ కుడతారా? దారి కనబడకపోతే నలభై బదులు ఇరవై వేలే తీసుకోండి.

పంట రుణం మాత్రం ఈ నెలలోనే అడగండి. కిసాన్ క్రెడిట్ కార్డుపై మూడు లక్షల వరకు గడువులోపు కడితే నాలుగు శాతమే పడుతుంది. లక్షా యాభై వేలకు ఏడాదికి 6,000. మీ 36,000 పక్కన పెట్టి చూడండి. 2025 జనవరి నుంచి రెండు లక్షల వరకు భూమి తాకట్టు అడగకూడదు. బ్యాంకు ఎకరానికి ఎంత ఇస్తుందో పంటను బట్టి ఉంటుంది, కనుక్కోండి. పంట రుణాన్ని పంటకే వాడాలి. విత్తనాలు, మందులు ఉద్దెరకు తేకుండా నగదుకు తెచ్చుకుంటే, దుకాణం మిత్తికి పోయే డబ్బు, పత్తి అమ్మిన డబ్బులో ఒక వంతు కలిపి నేరుగా బయటి అసలుకు పోతాయి. గడువు తప్పితే నాలుగు శాతం ఉండదు. పత్తి అమ్మిన వారంలోనే బ్యాంకులో వేయండి.

ఇంటికి ఎంత వచ్చింది, అమ్మింది ఎంత, ఎన్ని రోజుల కూలి పడింది, ఆ వారాల్లో కూరగాయలకు ఎంత తగ్గింది, ఈ నాలుగూ ఒక నోటుబుక్‌లో రాసుకోండి. శివరాత్రి అయ్యాక ఆ లెక్క పంపితే, వచ్చే ఏడాది ఇరవై గుంటలు చేయాలా వద్దా అన్నది కలిసి చూద్దాం. బ్యాంకుకు పోయేటప్పుడు పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, మాఫీ అయినట్టు చూపే పాత ఖాతా కాగితాలు తీసుకుపోండి. మీ ఆయనను కూడా వెంట తీసుకుపోండి. పట్టా ఆయన పేరు మీదే ఉంటే సంతకం ఆయనదే కావాలి.