ఎక్స్‌రే నార్మల్, మరి ఈ ఆయాసం ఎందుకు?

ప్రశ్న: నా వయసు 46. సిగరెట్ అలవాటు లేదు. పదేళ్లుగా రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లో బైక్ మీద తిరిగే ఉద్యోగం. మూడు నెలలుగా రాత్రిళ్లు పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. ఛాతీ ఎక్స్‌రే నార్మల్ అన్నారు. ఇదంతా కాలుష్యం వల్లేనా? ముఖానికి గుడ్డ కట్టుకుంటే సరిపోతుందా?

డాక్టర్ సలహా: ఎక్స్‌రే బాగుందని ఊరుకోకండి. ఊపిరి గొట్టాలు లోపల వాచి ఇరుకైతే చాలాసార్లు ఎక్స్‌రేలో ఏమీ కనపడదు. దానికి స్పైరోమెట్రీ చేయించాలి. ఒక గొట్టంలోకి గట్టిగా, లోపలి గాలి అయిపోయేదాకా ఊదమంటారు. తర్వాత ఇన్‌హేలర్ మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారు. రెండోసారి ఊదిన గాలి కొలత బాగా పెరిగితే ఆస్తమా అయ్యే అవకాశం ఎక్కువ. రాత్రిపూట దగ్గు అన్నారు కాబట్టి నా అనుమానం మొదట దాని మీదే.

ఇక గుడ్డ సంగతి. ఇంటికొచ్చి ముఖం తుడుచుకుంటే తెల్ల టవల్ నల్లబడుతుంది. అది చూసి అందరూ కంగారు పడతారు. నిజానికి అది చర్మం మీద, ముక్కు దగ్గర ఆగిపోయిన దుమ్ము. నాకు భయం టవల్‌కి అంటని దాని గురించే. పీఎం 2.5 అనే కణాలు వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. డీజిల్ పొగలో ఇవి బోలెడు. గుడ్డ నేతలోంచి తేలిగ్గా దూరి ఊపిరితిత్తుల చివర ఉండే గాలి గదుల దాకా వెళ్తాయి. వాటిలో మరీ సన్నవి రక్తంలోనూ కలుస్తాయి. రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో ఇవి 5 మైక్రోగ్రాములు మించకూడదని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంతకుముందు ఆ హద్దు 10 ఉండేది. అందుకే మీ ఆయాసాన్ని ఒక్క ఊపిరితిత్తుల ఖాతాలో వేయను. ఈసీజీ, ఎకో (గుండె స్కాన్), బీపీ, షుగర్ కూడా చూపించుకోండి.

మీరు బీపీ మాత్రలు వాడుతున్నారో లేదో రాయలేదు. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివాటితో కొందరికి సరిగ్గా ఇలాంటి పొడి దగ్గే వస్తుంది. అలాగని మీ అంతట మీరు మానేయకండి, డాక్టర్‌ని అడిగితే మారుస్తారు. పడకగదిలో తలుపులు మూసి దోమల చక్రం వెలిగిస్తున్నారా? అయితే ముందు దాన్ని మానేయండి. రోజంతా పొగ పీల్చిన ఊపిరితిత్తులకు రాత్రి కూడా పొగేనా! దగ్గు రెండు వారాలు దాటింది కనుక కఫం పడితే టీబీ పరీక్షకి ఇవ్వండి.

బైక్ మీద ఎన్95 మాస్క్ వాడండి. గడ్డం పెంచితే పక్కల నుంచి గాలి దూరి ఉపయోగం తగ్గుతుంది. ఆస్తమా అని తేలితే ఇన్‌హేలర్‌కి భయపడొద్దు, అది వ్యసనం కాదు. దగ్గు తగ్గింది కదా అని మధ్యలో ఆపేసేవాళ్లే మళ్లీ నా దగ్గరికి వస్తుంటారు.

ఈలోగా ఛాతీలో బరువు, ఎడమ చేతికి లేదా దవడకు పాకే నొప్పి, చెమటలు, కూర్చున్నా తగ్గని ఆయాసం... వీటిలో ఏది కనిపించినా పరీక్షల తేదీ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. బైక్ మీద మీరే నడుపుకుంటూ మాత్రం వద్దు.