సైకిల్ తొక్కితే మోకాలి నొప్పి, వేళ్ల తిమ్మిరి.. మానేయాలా?

ప్రశ్న: నా వయసు 46. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఈ మధ్యే గేర్ల సైకిల్ కొని, ఆదివారాల్లో గంటన్నర తొక్కుతున్నాను. మోకాలిచిప్ప దగ్గర నొప్పి వస్తోంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి. కూర్చునే చోట మొద్దుబారుతోంది. సైకిల్ మానేయాలా? - ఒక పాఠకుడు

సలహా: మానేయాల్సిన అవసరం కనిపించడం లేదు. మీరు చెప్పిన మూడు ఇబ్బందులూ చాలావరకు సైకిల్‌ను ఒంటికి సరిపడేలా అమర్చుకోకపోవడం వల్ల వచ్చేవే కాబట్టి, నొప్పి మాత్రలకు ముందు సీటు ఎత్తు చూసుకోండి. గోడ పట్టుకుని సీటుపై కూర్చుని, పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి మడమ ఆనించినప్పుడు కాలు నిటారుగా చాపుకోగలగాలి. అదే ఎత్తులో పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు సుమారు 25 నుంచి 35 డిగ్రీలు వంగుతుంది. సీటు అంతకంటే కిందికి ఉంటే మోకాలు మరీ ఎక్కువగా వంగి, చిప్ప వెనుక ఒత్తిడి పెరిగి, సరిగ్గా మీరు చెప్పిన చోటే నొప్పి పుడుతుంది. మరీ ఎత్తుగా ఉంటే మోకాలి వెనుక నొస్తుంది. ఆగినప్పుడు రెండు కాళ్లూ నేలకు ఆనాలని కొత్తవారు సీటు దించుకుంటారు, దానికి బదులు సీటు మీద నుంచి ముందుకు దిగి నిలబడడం అలవాటు చేసుకోవాలి. సీటును ఒక్కసారిగా కాక అర సెంటీమీటరు చొప్పున మార్చండి.

బెంగళూరు రోడ్ల ఎత్తుపల్లాల్లో గేరు కూడా ముఖ్యమే. ఫ్లైఓవర్ ఎక్కడం మొదలుకాక ముందే తేలిక గేరుకు మారి, పెడల్ నిమిషానికి 70 సార్లకు తగ్గకుండా తిరిగేలా చూసుకుంటే మోకాలిపై భారం తగ్గుతుంది.

ఆ రెండు వేళ్లకు వెళ్లే అల్నార్ నరం అరచేతి అంచున, మణికట్టు దగ్గర హ్యాండిల్‌కు ఒత్తుకుంటుంది. మోచేతులు కొద్దిగా వంచి, మణికట్టు వంగకుండా, తరచూ పట్టు మారుస్తూ ఉండండి. ఇక కూర్చునే చోట మొద్దుబారడం గురించి: సీటు ముక్కు (ముందు కొన) పైకి లేచి ఉంటే నేలకు సమాంతరంగా దించండి. మెత్తటి జెల్ కవర్లను నేను సూచించను, ఎందుకంటే పిరుదుల ఎముకలు వాటిలో కూరుకుపోయి, మధ్యనున్న నరాలపైనే ఒత్తిడి పెరగవచ్చు. పది నిమిషాలకోసారి పెడళ్లపై లేచి నిలబడితే రక్తప్రసరణ సాఫీగా ఉంటుంది.

వారమంతా కుర్చీలో గడిపి ఒక్క ఆదివారమే గంటన్నర తొక్కడం కీళ్లకు కష్టం. వారం మధ్యలో రెండు రోజులు అరగంట చొప్పున తొక్కండి.

మీకు మధుమేహం ఉందో లేదో రాయలేదు. దానివల్ల కూడా నరాలు దెబ్బతింటాయి కనుక ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోండి. మోకాలు వాచినా, సైకిల్ దిగాక కూడా తిమ్మిరి తగ్గకపోయినా, చేతి పట్టు సడలినా డాక్టరును కలవండి. తొక్కేటప్పుడు ఛాతీ బరువెక్కితే మాత్రం వెంటనే ఆపి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.