సొంతంగా సిస్టమ్ బిగించుకుంటున్న నా మేనకోడలికి

చిత్తూరు

అమ్మణ్ణీ,

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసినాడు. నువ్వు ఆ ఆల్బమ్ డిజైనింగ్ షాపులో పని మానేసి, కొర్లగుంట ఇంట్లోనే సిస్టమ్ పెట్టుకుని పెళ్లి ఫోటోలు, వీడియో మిక్సింగ్ సొంతంగా చేస్తానన్నావంట. "60 వేలల్లో అయిపోతుందంట అక్కా, నువ్వొక మాట చెప్పు దానికి" అన్నాడు. మాన్పించమని అడుగుతున్నాడో, దారి చూపమని అడుగుతున్నాడో నాకు తెలియలేదు. నేనైతే మాన్పించను. మన ఇంటి ఆడపిల్ల తన పేరుతో బోర్డు కట్టుకుంటానంటే నాకెంత సంతోషమో చెప్పలేను. అయినా రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెప్తే సగం విని, మిగతా సగానికి "సరే అత్తా" అంటావు. అందుకే రాస్తున్నాను. షాపుకు పోయేటప్పుడు ఈ కాగితం నీ చేతిలో ఉండాల.

కొనేదానికి ముందు, నీ దగ్గరికి వచ్చే ఫైళ్లు ఎట్లాంటివో తెలుసుకో. నీకు పని ఇచ్చే ఫోటోగ్రాఫర్లు ఏ కెమెరాతో తీస్తున్నారు, బొమ్మ సైజు 1080లోనా 4కేలోనా, రంగుల వివరం 8 బిట్టా 10 బిట్టా, అడిగి రాసుకో. నేను మిక్సింగ్ యూనిట్‌లో చేరినప్పుడు మినీ డీవీ క్యాసెట్లు. ఒక గంట క్యాసెట్ ఎక్కించాలంటే ఫైర్‌వైర్ కేబుల్ తగిలించి గంటసేపూ కూర్చోవాల్సిందే. 13 జీబీ దాకా పట్టేది. పెద్దదైనా ఆ ఫైలు నల్లేరు మీద బండిలా నడిచేది, ఎందుకంటే దాంట్లో ఏ ఫ్రేముకు ఆ ఫ్రేము పూర్తిగా ఉండేది. వీడియోను కుదించి దాచే ఇప్పటి పద్ధతులు హెచ్.264, హెచ్.265లలో కెమెరా ఒక ఫ్రేమును పూర్తిగా రాసి, ఆ తర్వాతి వాటిల్లో మారిన భాగాన్నే రాస్తుంది. నువ్వు టైమ్‌లైన్ మీద ఎక్కడ నొక్కినా కంప్యూటర్ వెనక్కి పోయి ఆ పూర్తి ఫ్రేమును పట్టుకుని, అక్కణ్ణించి లెక్కగట్టుకుంటూ రావాల. 4కే క్లిప్ ఆగి ఆగి నడిచేది అందుకే.

ఇది విప్పడానికే ఇంటెల్ ప్రాసెసర్లలో, లోపలి గ్రాఫిక్స్‌తో పాటు క్విక్ సింక్ అని ఒక భాగం పెట్టినారు. నీ డబ్బుకు ఐ5-12400 సరిపోతుంది: 6 కోర్లు, 12 థ్రెడ్లు. షాపులో "ఎఫ్ తీసుకోండి మేడమ్, రేటు తగ్గుతుంది" అంటారు. తీసుకోవద్దు. 12400ఎఫ్‌లో లోపలి గ్రాఫిక్స్ ఉండదు, దాంతో క్విక్ సింకూ ఉండదు. గేములాడే పిల్లలకు ఎలాగూ విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది కాబట్టి వాళ్లకు అది మంచి బేరం. ఇప్పుడు చాలా సోనీ కెమెరాలు 10 బిట్ 4:2:2 (రంగు వివరం ఎక్కువుండే రకం) హెచ్.265 ఇస్తున్నాయి చూడు, వాటిని ఇంటెల్ 11వ తరం నుంచి ఈ భాగం విప్పగలదు. ఎన్విడియా కార్డులకు 50 సిరీస్ వచ్చేదాకా ఆ పని చేతకాలేదు. కాబట్టి ఖరీదైన పాత కార్డు అంటగడితే మోసపోవద్దు.

నువ్వు ప్రీమియర్‌లో చేస్తావని విన్నాను. అట్లయితే మొదట గ్రాఫిక్స్ కార్డు లేకుండానే మొదలుపెట్టు. ప్రీమియర్‌కు నెలనెలా కట్టలేను, డావిన్చీ రిసాల్వ్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటానంటే అదీ మంచిదే. ఉచిత వెర్షన్‌లోనే 3840x2160 దాకా బయటికి తీసుకోవచ్చు, పెళ్లి వీడియోకు అంతకు మించి ఎవరూ అడగరు. కాకపోతే రిసాల్వ్ భారమంతా కార్డు మీద వేస్తుంది, 8 జీబీ మెమరీ ఉన్న కార్డు ఒకటి కొనక తప్పదు. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా క్లిప్ అడ్డం తిరిగితే ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌కు మాత్రమే వాడే తేలికపాటి కాపీలు, చేసుకో. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోతాయి. దొంగ సాఫ్ట్‌వేర్ మాత్రం నీ సిస్టమ్ గడప తొక్కకూడదు. క్రాక్‌తో పాటు వచ్చిన వైరస్ ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగితే, నువ్వు ఏ పెళ్లికూతురి అమ్మకు ఏం జవాబు చెప్తావు?

మిగతావి గబగబా చెప్తాను. మదర్‌బోర్డు బీ660 లేదా బీ760, డీడీఆర్4 రకం ర్యామ్ పట్టేది, దానికి 4 స్లాట్లు ఉండేది చూసుకో. డీడీఆర్5 స్టిక్కు దాంట్లో దూరదు, బిల్లు వేసేటప్పుడే సరిచూడు. ర్యామ్ రేట్లు 2025 చివర్నుంచి బాగా ఎగబాకినాయి కాబట్టి ఇప్పటికి 8 జీబీవి రెండు పెట్టి, సీజన్ డబ్బు వచ్చినాక ఇంకో రెండు వేసుకో. ఒకే 16 జీబీ స్టిక్కు కంటే జతగా పెట్టినవే వేగం. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపించే సెట్టింగు) ఆన్ చెయ్యడం మర్చిపోవద్దు. పని చేసేదానికి 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. క్యాబినెట్‌కు ముందు జాలీ ఉండాల, గాజు లైట్లు వద్దు. మన ఊరి మే నెల ఎండ 40 దాటుతుంది, గాలి ఆడకపోతే రెండరింగ్ మధ్యలో ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది.

ఇంక ఎస్‌ఎమ్‌పీఎస్. గోడ కరెంటును లోపలి భాగాలకు సరిపడా మార్చి ఇచ్చే డబ్బా అది. ఇది నిదానంగా చదువు.

నేను పనిచేసిన యూనిట్ తిరుపతి బస్టాండు వెనక ఒక మేడ మీద ఉండింది. ఓనరన్న మంచివాడు, జీతం ఎప్పుడూ ఆపలేదు. కానీ కంటికి కనపడని వస్తువు మీద రూపాయి పెట్టాలంటే ఆయనకు మనసొప్పేది కాదు. మానిటర్ పెద్దది కొనేవాడు, వచ్చిన పార్టీకి కనపడుతుందని. ఎస్‌ఎమ్‌పీఎస్ మాత్రం క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిందే. మీద 450 వాట్లని స్టిక్కరు, చేత్తో ఎత్తితే అట్టపెట్టె అంత తేలిక. బ్యాకప్ కావాలని నేనంటే రెండో హార్డ్ డిస్క్ కొన్నాడు, అంతవరకు సంతోషమే. దాన్ని అదే క్యాబినెట్‌లో, అదే ఎస్‌ఎమ్‌పీఎస్ వైరుకు తగిలించినాడు. క్యాసెట్లేమో ఎక్కించడం అయిపోతానే మళ్లీ వాడేవాడు.

శ్రావణమాసం, చేతినిండా పెళ్లిళ్లు. సాయంత్రం వాన పడి కరెంటు పోయింది. తిరిగి వచ్చినప్పుడు ట్యూబులైటు ఎప్పుడూ లేనంత తెల్లగా వెలిగింది. వీధిలో ఎక్కడో న్యూట్రల్ తెగిందని తర్వాత తెలిసింది. అట్లాంటప్పుడు 230 రావాల్సిన చోట 400 వోల్టుల దాకా వస్తుంది. నేను ప్లగ్గు దగ్గరికి పోయేలోపలే టప్‌మని శబ్దం, కాలిన వాసన. మంచి ఎస్‌ఎమ్‌పీఎస్ అయితే తను చచ్చిపోయి లోపలివాళ్లను బతికిస్తుంది. ఇది పోతూ పోతూ వచ్చిన వోల్టేజీని లోపలికి తోసింది. బోర్డు పోయింది, రెండు డిస్కులూ పోయినాయి.

వాటిల్లో చంద్రగిరి పక్క పల్లె పెళ్లి ఒకటి ఉండింది. పెళ్లికూతురి జేజిని నలుగురు కుర్చీతో సహా మోసుకొచ్చి అక్షింతలు వేయించినారు. ఆ ముసలామె చెయ్యి వణుకుతా ఉంటే అక్షింతలు సగం ఆమె ఒళ్లోనే పడినాయి, పెళ్లికూతురు వంగి ఆ చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది. క్యాసెట్ ఎక్కించేటప్పుడు ఆ ముక్క నేను రెండుసార్లు వెనక్కి తిప్పి చూసినాను. పెళ్లయిన కొద్దిరోజులకే ఆమె పోయిందంట. పెళ్లికూతురి తండ్రి యూనిట్‌కు వచ్చినప్పుడు గొడవ చెయ్యలేదు. "పెళ్లంతా పోయినా పర్వాలేదు సార్, మా అమ్మ దీవించింది ఒక్కటి ఇప్పించండి" అన్నాడు. డిస్కులను మద్రాసుకు పంపించినాడు ఓనరన్న, పెళ్లికి తీసుకున్న డబ్బుకు ఎన్నో రెట్లు పోసినాడు. ఒకదాంట్లోంచి సగం ఫైళ్లు వచ్చినాయి. ఆ ముక్క మాత్రం రాలేదు. ఆ మనిషి ఇంకో రెండుమూడుసార్లు వచ్చి మెట్ల కిందే నిలబడి అడిగి పోయినాడు, పైకి రాలేదు.

నువ్వు తక్కువలో చేస్తున్నావని నాకు తెలుసు. ప్రాసెసర్ తక్కువది కొంటే పని నిదానమవుతుంది, అంతే. ఎస్‌ఎమ్‌పీఎస్, బ్యాకప్ తక్కువ చేస్తే పోయేది ఇంకొకళ్ల ఇంటిది. కాబట్టి పేరున్న కంపెనీది 550 వాట్లది, 5 ఏళ్ల వారంటీ ఉండేది విడిగా కొను. రేపు కార్డు పెట్టుకున్నా అదే మోస్తుంది. 80 ప్లస్ బ్రాంజ్ అని ఉంటే చాలనుకోవద్దు, ఆ ముద్ర కరెంటు వృథా తక్కువని మాత్రమే చెప్తుంది. ఓవర్ వోల్టేజ్, షార్ట్ సర్క్యూట్ రక్షణలు ఉన్నాయని డబ్బా మీద విడిగా రాసిందా చదువు. అద్దె ఇల్లు కదా, మూడో పిన్నుకు ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించు. ఓనరు గొణిగితే మీ నాయనతో మాట్లాడించు.

పెళ్లి తీసిన మెమరీ కార్డు చేతికి రాగానే రెండు చోట్లకు కాపీ చేసి, రెండు చోట్లా తెరిచి చూసినాకే ఫార్మాట్. ఒకటి సిస్టమ్‌లో, ఇంకోటి పని కాగానే వైరు పీకేసి బీరువాలో పెట్టే బయటి హార్డ్ డిస్క్‌లో. మూడోది వేరే ఇంట్లో ఉండాల. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధుల్లో నీళ్లెట్ల పారినాయో నువ్వు చూసినావు కదా. మీది కింది పోర్షన్, క్యాబినెట్ నేల మీద పెట్టనే వద్దు. మూడో డిస్క్ మీ పెద్దమ్మ వాళ్ల మేడ మీదికి పంపు, నెలకోసారి మార్చుకో. పార్టీ ఆల్బమ్, వీడియో తీసుకుని బాగుందని చెప్పేదాకా ఏదీ తుడపొద్దు. చెప్పినాక కూడా ఒక ఏడాది ఉంచు.

మానిటర్ దగ్గర కూడా నాకు కొంచెం పట్టుదల ఉంది. 24 అంగుళాలు చాలు, ఐపీఎస్ ప్యానెల్ ఉండాల, ఎస్‌ఆర్‌జీబీ (తెర చూపగలిగే రంగుల కొలత) 99 శాతమో 100 శాతమో అని రాసుండాల. చవక టీఎన్ ప్యానెల్‌లో తల కొంచెం కదిపితే రంగు మారిపోతుంది. వంకాయ రంగు పట్టుచీర నీలంగా ప్రింటై వస్తే ఆ చీర ఎంచుకున్న తల్లి చూడగానే పట్టేస్తుంది. ఆల్బమ్ మొత్తం పంపే ముందు నాలుగు షీట్లు ల్యాబ్‌లో ప్రింటు తీయించి స్క్రీన్ పక్కన పెట్టి చూసుకో. కిటికీ వెలుతురు స్క్రీన్ మీద పడకుండా కూర్చో.

కొనడం తిరుపతిలోనే కొను అంటాను. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు రిచీ స్ట్రీట్‌కు పోతే కొంత తగ్గుతుంది, నిజమే. సీజన్లో బోర్డు పోతే మళ్లీ మద్రాసు పరిగెత్తేదెవరు? ముందు అక్కడి రేట్లు తెలుసుకో, ఇక్కడ బేరమాడు. జీఎస్టీ బిల్లు నీ పేరు మీద ఉండాల, ప్రతి వస్తువు సీరియల్ నంబరు దాని మీద రాయించు. "బిల్లు లేకుంటే 18 శాతం తగ్గిస్తాం" అంటే లేచి వచ్చేయ్. సెకండ్‌హ్యాండ్ సిస్టమ్ అయితే విండోస్ 11 ఎక్కేదో కాదో చూడు, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరుతో అయిపోయింది. బిగించడం నువ్వే చెయ్యి, నేర్చుకుంటావు. ప్రాసెసర్ పెట్టే సాకెట్‌లో పిన్నులు వెంట్రుక కంటే సన్నం, వేలు తగలనీయొద్దు.

మిగిలింది డబ్బు, ఆరోగ్యం. రోజు వడ్డీ దగ్గర మాత్రం తీసుకోవద్దు. పెళ్లి ఒప్పుకునేటప్పుడే సగం అడ్వాన్సు అడుగు, ఆడపిల్ల అడిగితే ఏమనుకుంటారో అని నోరు కట్టుకోవద్దు. ఆషాఢంలో, మూఢాల్లో పని ఉండదు, అప్పటికి నాలుగు నెలల అద్దె చేతిలో పెట్టుకో. ఆ రోజుల్లోనే కొత్తవి నేర్చుకో. సీజన్లో రాత్రి ఒంటి గంట దాటి కూర్చున్నావని మీ అమ్మ చెప్పిందంటే నేను బస్సెక్కి వస్తాను. నాకు మెడనొప్పి మిగిలింది ఆ రాత్రుల వల్లనే. నీ మెడ మీద నాకు చాలా ఇష్టం, చిన్నప్పుడు దాన్నే కరుచుకుని ఎత్తుకునేదాన్ని.

యూపీఎస్, బయటి హార్డ్ డిస్క్ నా వంతు. 600 వీఏ యూపీఎస్ అంటే 360 వాట్లే, కార్డు లేకుండా అది చాలు. రేపు కార్డు పెడతావు కాబట్టి నేను 1 కేవీఏది చెప్పి ఉంచినాను. డిస్క్ 4 టీబీది. వద్దని మీ నాయనతో చెప్పించొద్దు, నేను వినను. వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను. సామాన్లన్నీ కొని ఉంచు, డబ్బాలు మాత్రం విప్పొద్దు. ఎస్‌ఎమ్‌పీఎస్ నేను చేత్తో ఎత్తి చూసినాకే బిగించాల.

మీ అత్త