నోటీసు లేకుండా చీనీ తోటలో జేసీబీ దిగితే...

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. మా నాయన పేరు మీద నాలుగెకరాల ఇరవై సెంట్ల పట్టా భూమి ఉంది. అందులో ఎనిమిదేళ్ల చీనీ (బత్తాయి) తోట. పక్కన పోయే రోడ్డు వెడల్పు చేస్తున్నామని పోయిన వారం కాంట్రాక్టరు జేసీబీ తెచ్చి, కంచె పీకేసి 31 చెట్లు పెకిలించేశాడు. డ్రిప్పు పైపులన్నీ తెగిపోయినాయి. ముందుగా ఒక్క నోటీసు కూడా రాలేదు. మా తమ్ముడు అడ్డం నిలబడితే పోలీసులు స్టేషన్‌కు తీసుకుపోయి, రాత్రంతా బెంచీ మీద కూర్చోబెట్టి పొద్దున పంపించారు. కేసు లేదు, కాగితం లేదు. ‘మళ్లీ వస్తే విధులకు ఆటంకం కింద లోపలేస్తాం’ అన్నారంట. ఇప్పుడు వీఆర్వో వచ్చి తెల్లకాగితం మీద సంతకం పెడితే పరిహారం ఇప్పిస్తానంటున్నాడు. ఆస్తి హక్కు ఎప్పుడో తీసేశారు, గవర్నమెంటు అడిగితే ఇవ్వాల్సిందేనని ఊర్లో అంటున్నారు. నిజమేనా సార్?

జవాబు: అన్నిటికన్నా ముందు, ఆ తెల్లకాగితం మీద మీ నాయన చేత సంతకం పెట్టించకండి. మిగతాది నిదానంగా చదవండి.

ఊర్లో అంటున్న దాంట్లో కొంత నిజం ఉంది, అందుకే అది అంత గట్టిగా నమ్మకంగా పాతుకుపోయింది. రాజ్యాంగం రాసుకున్నప్పుడు ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల్లోనే ఉండేది. 1978లో 44వ సవరణ దాన్ని అక్కడి నుంచి తీసేసింది, 1979 జూన్ 20 నుంచి అది అమల్లోకి వచ్చింది. కానీ తీసి పారేయలేదు, వేరేచోట పెట్టారు. 300-ఏ అధికరణం అని ఒకే ఒక్క వాక్యం. చట్టం ఇచ్చిన అధికారంతో తప్ప ఏ మనిషినీ అతని ఆస్తి నుంచి తప్పించకూడదు అన్నది దాని సారం. తేడా ఏమిటంటే, ఒకప్పుడు ఆస్తి పోతే ప్రాథమిక హక్కు పోయిందని నేరుగా సుప్రీంకోర్టుకు పోవచ్చు. ఇప్పుడు 226 అధికరణం కింద హైకోర్టుకు పోవాలి. తలుపు మారింది కానీ మూసుకుపోలేదు.

‘చట్టం ఇచ్చిన అధికారం’ అంటే ఆఫీసరు నోటి మాట కాదు, కాంట్రాక్టరు చేతిలోని వర్క్ ఆర్డరు కూడా కాదు. 2024 మే నెలలో కోల్‌కతా మునిసిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని చాలా వివరంగా చెప్పింది. భూమి తీసుకునే ముందు నోటీసు ఇవ్వాలి. మీ అభ్యంతరం వినాలి. విన్నాక కారణాలు రాసి నిర్ణయం చెప్పాలి. తీసుకోవడం ప్రజా ప్రయోజనం కోసమేనని చూపించాలి. న్యాయమైన పరిహారం ఇవ్వాలి. ఇదంతా ఏళ్ల తరబడి సాగదీయకుండా చేయాలి, మొదలుపెట్టిన పనిని చట్టప్రకారం పూర్తి చేయాలి. ఇవన్నీ 300-ఏ లోపలే ఉన్న హక్కులని కోర్టు చెప్పింది. మీ తోట విషయంలో మొదటి మెట్టు దగ్గరే ఏమీ జరగలేదు.

ఆ మెట్లు ఎక్కడున్నాయంటే 2013 నాటి భూసేకరణ చట్టంలో ఉన్నాయి. అది 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 11 కింద ప్రాథమిక నోటిఫికేషన్ రావాలి, సెక్షన్ 15 కింద అభ్యంతరాలకు 60 రోజులు ఇవ్వాలి, ఆ తర్వాత భూమి తీసుకుంటున్నామనే డిక్లరేషన్, పరిహారం ఎంతో తేల్చే అవార్డు. నేషనల్ హైవే అయితే దానికి 1956 నాటి వేరే చట్టం ఉంది, అక్కడ అభ్యంతరాలకు 21 రోజులే. మీరు రాసినదాన్ని బట్టి మీది ఊరి రోడ్డులా ఉంది. పూర్తి పరిహారం చేతికి ఇచ్చాకే భూమి స్వాధీనం చేసుకోవాలని 2013 చట్టం సెక్షన్ 38 చెబుతుంది. అర్జెంటుగా తీసుకునే వీలు సెక్షన్ 40లో ఉంది కానీ అది దేశ రక్షణకు, ప్రకృతి వైపరీత్యాల వంటి వాటికి. పల్లె రోడ్డు వెడల్పు చేయడం అందులోకి రాదు.

పరిహారం లెక్క కూడా తెలుసుకోండి, ఎందుకంటే వీఆర్వో చెప్పే అంకె విని మీ నాయన తలూపే ప్రమాదం ఉంది. భూమి మార్కెట్ విలువ, గ్రామీణ ప్రాంతం కాబట్టి దాన్ని హెచ్చించే గుణకం, ఆ పైన భూమి మీద ఉన్న చెట్ల, కంచె, పైపుల విలువ. ఇదంతా కలిపి ఎంత వస్తే అంతకు సమానంగా ఇంకో 100 శాతం సొలేషియం, అంటే ఇష్టం లేకుండా భూమి తీసుకున్నందుకు ఓదార్పుగా ఇచ్చే అదనపు డబ్బు. చెట్ల విలువ సెక్షన్ 29 కింద విడిగా, ఆ పని తెలిసినవాళ్ల చేత కట్టించాలి. ఎనిమిదేళ్ల చీనీ చెట్టు అంటే నాటినప్పటి నుంచి నాలుగైదేళ్లు నీళ్లు మోసి, ఎరువు వేసి, పైసా రాకుండా సాకి, ఇప్పుడే కాపు నిలబడిన చెట్టు. దాన్ని కట్టెల రేటుకు లెక్కగడితే ఒప్పుకోవద్దు.

తెల్లకాగితం దగ్గరికి మళ్లీ వస్తాను. చాలా ఏళ్ల కింద ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. పాసుపుస్తకాన్ని విత్తనాల ప్లాస్టిక్ కవర్లో మడిచి, చొక్కా లోపల పెట్టుకొచ్చాడు. ఇంకో జేబులో తాను సంతకం పెట్టిన కాగితం ఫోటో. ఆయన సంతకం కింద ఉంది, పైన సగం పేజీ ఖాళీ. మాకు ఒరిజినల్ అందేసరికి ఆ ఖాళీలో ‘నా ఇష్టపూర్వకంగా రోడ్డుకు ఉచితంగా ఇస్తున్నాను’ అని నిండిపోయింది. ఆ ఒక్క వాక్యాన్ని తప్పని నిరూపించడానికి మాకు నాలుగేళ్లు పట్టింది. రైతు ఒప్పుకుని భూమి ఇవ్వడం తప్పేమీ కాదు, రోడ్డు అందరికీ కావాలి. కానీ ఒప్పందం అంటే సర్వే నంబరు, ఎన్ని సెంట్లు, సెంటుకు ఎంత, చెట్లకు ఎంత, డబ్బు ఎప్పటిలోగా అన్నీ రాసి, కింద అధికారి సంతకం, మీ సంతకం రెండూ ఉండి, ఒక కాపీ మీ చేతికి రావాలి.

ఇప్పటికే స్వాధీనం చేసుకున్నారు కదా, ఇంక కోర్టుకు పోయి ఏం లాభం అని అనుకోవద్దు. హిమాచల్ ప్రదేశ్‌లో విద్యాదేవి అనే వితంతువు పొలంలో 1967-68లో అక్కడి ప్రభుత్వం రోడ్డు వేసింది. నోటీసు లేదు, సేకరణ లేదు, రూపాయి ఇవ్వలేదు. ఆమెకు చదువు లేదు. నలభై ఏళ్లు దాటాక, 2010లో హైకోర్టుకు పోయింది. ఇన్నేళ్లు మా స్వాధీనంలో ఉంది కాబట్టి అనుభవం వల్ల భూమి మాదైపోయిందని ప్రభుత్వం వాదించింది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. సంక్షేమ రాజ్యం తన సొంత పౌరుల భూమిని ఆక్రమణదారులాగా దక్కించుకోలేదని చెప్పి, భూసేకరణ జరిగినట్టే లెక్కగట్టి పరిహారం ఇమ్మంది. అప్పటికి ఆమెకు దాదాపు ఎనభై ఏళ్లు. నేను ఈ తీర్పు గురించి చెప్పేటప్పుడల్లా నాకు కోపం కూడా వస్తుంది. ఒక ముసలామె నలభై ఏళ్ల తర్వాత గెలవాల్సిన అవసరం ఎందుకు వచ్చింది? అందుకే మిమ్మల్ని ఈ వారమే కదలమంటున్నాను.

ఇక్కడ నా మనసులోది ఒకటి చెప్పాలి. ప్రభుత్వం మీ భూమికి యజమాని కాదు, కాపలాదారు. 1800లో ఈ దత్త మండలాలు కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) చేతికి వచ్చాక థామస్ మన్రో అనంతపురంలో ఉండి రైతువారీ పద్ధతి పెట్టినప్పటి నుంచి, ఇక్కడి రైతు పేరు పేరునా పట్టా పుచ్చుకుని శిస్తు కట్టాడు. మా తాతల కాలం నుంచి ఆ కాగితం అర్థం ఒకటే, ‘ఇది నీది, దీని మీదికి ఎవరైనా వస్తే మేం చూసుకుంటాం’ అని. కాంట్రాక్టరు కంచె పీకుతుంటే మీ తమ్ముడు ఫోన్ చేసి పోలీసులను పిలవాల్సింది, పోలీసులు వచ్చి ‘ఏ ఉత్తర్వుతో పీకుతున్నావు, చూపించు’ అని కాంట్రాక్టరును అడగాల్సింది. స్టేషన్ ఉన్నది అందుకే. అది తలకిందులైంది.

తమ్ముడి సంగతి భూమి కంటే చిన్నది కాదు. ‘విచారణకు కూర్చోబెట్టాం’ అనేది చట్టంలో లేని మాట. పొమ్మంటే పోవడానికి వీలు లేని చోట మనిషిని ఉంచితే అది నిర్బంధమే, రిజిస్టర్లో రాసినా రాయకపోయినా. 21వ అధికరణం వ్యక్తి స్వేచ్ఛను కాపాడుతుంది. అరెస్టు చేస్తే కారణం చెప్పాలని, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని 22వ అధికరణం. కారణం చెప్పకపోతే ఆ అరెస్టే చెల్లదని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో మళ్లీ చెప్పింది. 24 గంటల లోపలే వదిలేశాం కదా అని వాళ్లు అంటారు. ఆ 24 గంటలు చట్టప్రకారం అరెస్టు చేసినవాడి కోసం పెట్టిన గరిష్ఠ గడువు, ఎవరినైనా ఊరికే తెచ్చి కూర్చోబెట్టుకోవడానికి ఇచ్చిన లైసెన్సు కాదు.

విధులకు ఆటంకం గురించి టెన్షన్ పడుతున్నారు కాబట్టి చెబుతున్నా. పాత ఐపీసీ 353 సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 132. అది పడాలంటే ఉద్యోగి మీద దాడి గానీ బలప్రయోగం గానీ జరగాలి. తన తోట గట్టు మీద నిలబడి ‘ఆర్డరు చూపించండి’ అని అడగడం దాడి కాదు. ఉద్యోగి పనిని అడ్డుకోవడం అనేది వేరే సెక్షన్, 221, దానికి శిక్ష మూడు నెలల వరకు. రెండూ ఏడేళ్ల లోపు శిక్ష ఉన్నవే కాబట్టి నేరుగా అరెస్టు చేయడం కాదు, మామూలుగా నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 35(3) కింద హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి. అట్లాగని తమ్ముడికి జేసీబీ బకెట్ ముందు పడుకోమని చెప్పను. ఎవరినీ తాకకండి, తిట్టకండి, రాయి చేతిలోకి తీసుకోకండి. ఫోన్లో వీడియో తీస్తూ ఉత్తర్వు కాపీ అడగండి, అంతే. ఒక్క తోపులాట చాలు, మీ కేసంతా తిరగబడటానికి.

ఆ రాత్రికి సాక్ష్యం స్టేషన్ గోడ మీదే ఉంది. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లో సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డు 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది దాచాలని చెప్పింది. తేదీ, తీసుకుపోయిన టైము, వదిలిన టైము రాసి, ఆ ఫుటేజీని చెరిపేయకుండా ఉంచమని జిల్లా ఎస్పీకి ఈరోజే అర్జీ పంపండి. సమాచార హక్కు కింద కూడా అడగండి. మామూలు సమాచారానికి 30 రోజులు గడువు ఉంటుంది కానీ మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించింది అయితే 48 గంటల్లో ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉంది, ఆ మాట అర్జీలో రాయండి. అక్రమ నిర్బంధానికి కోర్టు పరిహారం ఇప్పించవచ్చు. 1983లో రుదుల్ సా కేసు నుంచి ఇది ఉంది, నిర్దోషిగా తేలాక కూడా పద్నాలుగేళ్లు జైల్లో మగ్గిన మనిషి ఆయన.

ఇంక మీకు ఇబ్బందిగా ఉండే సంగతి. మీ కంచె నిజంగా మీ హద్దులోనే ఉందా? మన పల్లెల్లో పాత బండి బాటలు, డొంకలు తోటల్లో కలిసిపోవడం మామూలే. మీసేవలో ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం), 1-బి (భూమి ఖాతా నకలు), అడంగల్ తీసుకోండి. ఎఫ్-లైన్‌కు (హద్దులు కొలిచే సర్వేకు) దరఖాస్తు పెట్టి సర్వేయర్ చేత కొలిపించండి, కొలిచేటప్పుడు మీ నాయనతో పాటు పక్క పొలం వాళ్లు ఉండేలా చూసుకోండి. ఒకవేళ నాలుగు సెంట్లు పోరంబోకు అని తేలినా మీ పని పూర్తిగా చెడిపోయినట్టు కాదు. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ప్రకారం అక్కడి నుంచి తీసేయడానికి ముందు కూడా సెక్షన్ 7 నోటీసు ఇవ్వాలి. అయితే ఆ నాలుగు సెంట్లకు భూమి పరిహారం అడగలేరు, అది ముందే తెలిసి ఉండటం మంచిది. లాయరు దగ్గర దాచి కోర్టులో బయటపడితే మిగతా నాలుగెకరాల మాట కూడా జడ్జి నమ్మరు.

ఎక్కడ వేయాలి అంటే నా సలహా హైకోర్టులో రిట్, అంటే ప్రభుత్వం మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్. కింది కోర్టులో ప్రభుత్వం మీద దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. అర్జెంటు అని అనుమతి అడగవచ్చు కానీ దాని మీదే కొన్ని వాయిదాలు పోతాయి. ఆరు నెలల్లోపు స్వాధీనం తిరిగి ఇప్పించే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 ప్రభుత్వం మీద పనిచేయదు. అమరావతి మనకు దూరమే, బస్సు చార్జీలు కూడా భారమే, నాకు తెలుసు. అయినా పట్టా, ఎఫ్‌ఎంబీ, ఫోటోలు సరిగ్గా ఉంటే చట్టప్రకారం తప్ప భూమి జోలికి పోవద్దని ఉత్తర్వు రావడానికి మంచి అవకాశం ఉంది. కోర్టు రోడ్డును ఆపేసి చెట్లు తిరిగి నాటిస్తుందని మాత్రం ఆశపెట్టను. సాధారణంగా వచ్చేది మిగిలిన తోటకు రక్షణ, పోయినదానికి చట్టం చెప్పిన లెక్కలో డబ్బు. ఫీజు స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

పాసుపుస్తకం మీ నాయన పేరుతో ఉంది కాబట్టి భూమి రిట్ ఆయన పేరుతోనే వేయాలి. తమ్ముడి నిర్బంధం మీద తమ్ముడి పేరుతో విడిగా. రెండూ ఒకే పిటిషన్లో కలపవద్దు, ఒకదాని బలహీనత రెండోదానికి అంటుకుంటుంది. పోయే ముందు ఎమ్మార్వోకు, ఆర్డీవోకు, కలెక్టరుకు ఒకే అర్జీ స్పీడ్ పోస్టులో పంపండి, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. ‘మా భూమి ఏ నోటిఫికేషన్ కింద తీసుకున్నారు, కాపీ ఇవ్వండి’ అని ఒకే ప్రశ్న అడగండి.

ఇంకో పని ఈ సాయంత్రమే చేయండి. పెకిలించిన 31 చెట్లను ఎవరూ తీసుకుపోకుండా, మీరు కూడా కట్టెలకు కొట్టుకోకుండా అట్లాగే ఉంచి, ఒక్కో చెట్టు పక్కన అంకె రాసిన అట్టముక్క పెట్టి ఫోటో తీయండి. మొదలు చుట్టుకొలత టేపుతో కొలిచి నోట్‌బుక్‌లో రాయండి. తెగిన డ్రిప్పు పైపు ముక్కలు ఒక సంచిలో వేసి పెట్టండి. ఆ సర్వే నంబరులో చీనీ ఉందని ఈ-క్రాప్‌లో నమోదై ఉంటుంది, రైతు సేవా కేంద్రంలో దాని కాపీ తీసుకోండి. డ్రిప్పు సబ్సిడీ మంజూరు కాగితం ఇంట్లో ఎక్కడైనా ఉంటే వెతకండి, చెట్ల వయసు ఎంతో దాని తేదీయే చెబుతుంది. వాన పడితే గుంతలు పూడిపోతాయి, కాబట్టి గుంతల ఫోటోలు మొదట తీయండి.