ఫోన్‌లో నీటిమట్టం కనిపిస్తే బాయిలర్ దగ్గర మనిషి అక్కర్లేదా?

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ దగ్గర బాయిల్డ్ రైస్ మిల్లు. ఊకతో నడిచే బాయిలర్. పీఎల్‌సీ (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్), స్కాడా (దాని అంకెలు స్క్రీన్ మీద చూపే సాఫ్ట్‌వేర్) పెడితే నీటిమట్టం, స్టీమ్ ప్రెషర్ హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్‌లో చూసుకోవచ్చనీ, ఆపడం, నడపడం కూడా అక్కడి నుంచే చెయ్యొచ్చనీ ఒకాయన కొటేషన్ ఇచ్చాడు. రాత్రి షిఫ్టుకు ఆపరేటర్ దొరకడం కష్టంగా ఉంది. ఇది పెట్టించి రాత్రి మనిషిని మానిపించవచ్చా?
- ఒక మిల్లు యజమాని

జవాబు: పెట్టించండి. మనిషిని మాత్రం తీసేయకండి. బాయిలర్‌కు సర్టిఫికెట్ ఉన్న అటెండెంట్ ఉండాలని నిబంధనలే చెబుతున్నాయి. నా భయం అంతకంటే పెద్దది.

డీజిల్ బర్నర్ అయితే స్విచ్ కట్టేయగానే మంట ఆరిపోతుంది. ఊక అలా కాదు. ఊకను లోపలికి తోసే ఫీడర్ ఆపినా, ఫ్యాన్లు ఆపినా, ఫర్నేస్‌లో పడ్డ ఊక కాలుతూనే ఉంటుంది, ఇటుక గోడ వేడి కక్కుతూనే ఉంటుంది. మీరు హైదరాబాద్‌లో బటన్ నొక్కి పడుకుంటే, ఇక్కడ నీళ్లు తగ్గిన ట్యూబులు ఎర్రగా కాలుతుంటాయి. ఆ సమయంలో పంపు దానంతటదే తిరిగి చన్నీళ్లు తోసిందంటే ప్రాణాలే పోవచ్చు.

నేను ముప్పై ఏళ్లు ఇన్‌స్ట్రుమెంట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాను. ఒక ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు. స్క్రీన్ మీద డ్రమ్ లెవెల్, అంటే బాయిలర్‌లో నీటిమట్టం, 52 శాతం. అరగంట తర్వాతా అదే 52. నీటిమట్టం అన్నాక కాస్తయినా ఊగాలి, ఇది స్కేలు పెట్టి గీసినట్టుంది. ఫీల్డ్ కుర్రాడు పరిగెత్తి గేజ్ గ్లాస్ (నీటిమట్టం కంటికి కనిపించేలా బాయిలర్‌కే బిగించిన గాజు) చూస్తే నీళ్లు అడుక్కి వచ్చేశాయి. మట్టం కొలిచి స్క్రీన్‌కు సిగ్నల్ పంపే ట్రాన్స్‌మిటర్‌కు వెళ్లే సన్న పైపులు మడ్డి పట్టి మూసుకుపోయాయి. వైరు తెగి ఉంటే వెంటనే తెలిసేది. సిగ్నల్ 4 నుంచి 20 మిల్లీయాంపుల మధ్య నడుస్తుంది, లెవెల్ సున్నా అయినా 4 ఉంటుంది కాబట్టి, కరెంటు సున్నాకు పడితే వైరు తెగినట్టే. పైపు మూసుకుపోతే ఆ గుర్తు కూడా ఉండదు. ఆ రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ నాకు టెన్షనే.

కొలిచే చోటు తప్పినా ముప్పే. విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊరి మీద పడింది గుర్తుందా? ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచింది అడుగున. పైభాగం వేడెక్కుతున్న సంగతి మీటరుకు అందలేదు. 12 మంది చనిపోయారు.

అందుకే ఆ కొటేషన్ ఇచ్చినాయనను కొన్ని అడగండి. నీళ్లు తగ్గితే ఫీడర్‌నూ ఫ్యాన్లనూ ఆపి హూటర్ మోగించే లెవెల్ స్విచ్ వేరుగా, నేరుగా వైరుతో ఉండాలి. దానికి ఇంటర్నెట్‌తో పని ఉండకూడదు. ఫోన్‌లో చూడటం వరకే, స్టార్ట్ బటన్ వద్దు. పాస్‌వర్డ్ కంపెనీ ఇచ్చినదే ఉంచకుండా మార్పించండి. ముఖ్యంగా, మీ ఎదుటే రౌటర్ పీకించండి. ఫోన్‌లో పాత అంకె అలాగే నిలబడిపోతే ఆ సిస్టమ్ తీసుకోకండి. ఆ అంకె ఎన్ని గంటలప్పటిదో పక్కన కనిపించాలి, లింకు తెగిందని రంగు మారాలి.

ఇక మనిషి సంగతి. పగలు పనిచేసే హెల్పర్లలో చురుకైన వాడిని అటెండెంట్ పరీక్షకు కూర్చోబెట్టండి, ఫీజు మీరే కట్టండి. రాత్రికి జీతం కాస్త పెంచండి. షిఫ్టు మొదట్లో గేజ్ గ్లాస్ బ్లోడౌన్ చేసి (మడ్డి పోయేలా నీళ్లు బయటికి వదిలి), గంటకోసారి గ్లాసులో మట్టం, స్క్రీన్ మీద అంకె రెండూ పక్కపక్కనే రిజిస్టర్‌లో రాయమనండి. తేడా వస్తే ముందు ఊక ఆపి, తర్వాత మీకు ఫోన్ చేయమనండి.