గొర్రెలకు కాపలాగా లామాను పెడితే కొయోటీలు ఆగుతాయా?

అమెరికాలోని ఒహాయోలో నాలుగెకరాల పచ్చిక, పదిహేను గొర్రెలు, గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతున్న కొయోటీలు (తోడేలుకన్నా చిన్నవైన అక్కడి అడవికుక్కలు). పక్క ఫారంవాళ్లు ఆరు నెలల లామా పిల్లల జత అమ్ముతామంటున్నారు, తీసుకోవచ్చా అని అడిగారు. కొయోటీలను ఆపడానికి లామా, అంటే ఒంటె కుటుంబానికి చెందిన దక్షిణ అమెరికా పశువు, పనికొస్తుంది. ఆ జత మాత్రం పనికిరాదు.

లామా ఒంటరిగా బతకలేదు, దానికి మంద కావాలి. ఒక్కదాన్నే తెస్తే వేరే దిక్కు లేక గొర్రెలనే తన మంద అనుకుంటుంది. రెండు తెచ్చారా, అవి రెండూ ఒకచోట మేస్తాయి, గొర్రెలు ఎటు పోయినా వాటికి పట్టదు. కంచె అవతల ఇంకో లామా కనబడుతున్నా ఇదే తంతు, రోజంతా ఆ కంచె దగ్గరే నిలబడుతుంది. 1990ల్లో అయోవా స్టేట్ యూనివర్సిటీవాళ్లు 145 మంది గొర్రెల పెంపకందార్లను అడిగి చూసినప్పుడు కూడా ఒంటరి లామా ఉన్నచోటే ఫలితం మెరుగ్గా ఉందని తేలింది. యజమానులు నోటితో చెప్పిన లెక్కే గానీ ఎవరూ పచ్చికలో కూర్చుని చూసింది కాదు. అయినా ఈ ఒక్క విషయంలో నమ్మొచ్చు.

మగదైతే విత్తులు కొట్టించినదే కావాలి, రెండేళ్లు నిండి ఉండాలి. లామాలు కూర్చుని జతకడతాయి. కొట్టించని మగది గొర్రెను కింద పడేసి మీద కూర్చుంటుంది. నూటయాభై కిలోలు మీద పడితే గొర్రె నలిగి చస్తుంది. కొట్టించిన వెంటనే మందలో వదలొద్దు, ఆ ఊపు తగ్గడానికి రెండు నెలలైనా పడుతుంది. ఆడది కూడా కాపలా కాస్తుంది, కాకపోతే ధర చూసుకోండి.

పాలసీసాతో పెంచిన ఒంటరి మగపిల్లను ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా తీసుకోకండి. చిన్నప్పుడు పిల్లలతో ఫోటోలకు బాగుంటుంది. పెద్దయ్యాక మనిషిని కూడా సాటి మగ లామా అనుకుని ఛాతీతో గుద్ది కింద పడేస్తుంది. ఆ అలవాటు విత్తులు కొట్టించినా పోదు. ఇలాంటివాటిని "భలే మచ్చిక, వెనకే తిరుగుతుంది" అని అమ్మేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. కాపలా లామా మనిషికి రెండు గజాల దూరంలో నిలబడి చూడాలి, వచ్చి మొహం వాసన చూడకూడదు.

లామా కాపలా కాసే తీరు చూస్తే దాని హద్దు కూడా తెలుస్తుంది. పొద్దుగూకే వేళ గొర్రెలు తల వంచి మేస్తుంటే లామా ఎత్తు మీద నిలబడి ఉంటుంది. కంచె వార గడ్డిలో ఏదో కదిలిందంటే చెవులు రెండూ అటే నిక్కుతాయి. తర్వాత గొంతులోంచి తెగితెగి ఓ అరుపు, చెడిపోయిన మోటారు స్టార్ట్ కాబోయి ఆగినట్టు. గొర్రెలు దాని వెనక్కి చేరతాయి. అది పారిపోదు, కొయోటీ వైపు నేరుగా నడుస్తుంది, ఆ తర్వాత పరుగు, అందితే ముందుకాళ్లతో తొక్కుడు. కొయోటీ మందను బెదరగొట్టి, విడిపోయినదాని గొంతు పట్టుకునే రకం. తన మీదికే ఓ జంతువు నడిచొస్తే దాని ఎత్తు పారదు. ఒకటో రెండో వస్తే ఇలా వెళ్లిపోతాయి. నాలుగు ఊరకుక్కలు కలిసొస్తే ఒకటి ముందు నిలబడి ఆడిస్తుంది, మిగతావి వెనక పడతాయి, లామా కూడా పోతుంది. తోడేళ్లు, ప్యూమా (అమెరికా అడవుల పెద్ద పిల్లి), ఎలుగు ఉన్నచోట అది కాపలా కాదు, ఆహారం. కాపలా లామాల వీడియోలు చూసి మన పల్లెల్లో కుక్కల గుంపులకు, చిరుతలకు ఒకటి తెప్పిద్దామని వాట్సాప్‌లో రాసేవాళ్లు ఈ ముక్క చదివితే చాలు. అక్కడ మంద వెంట మనిషి ఉంటాడు, అంతకన్నా మంచి కాపలా లేదు.

తెచ్చిన రోజే పచ్చికలో వదిలేయకండి. చిన్న దొడ్డిలో గొర్రెలతో కలిపి వారం పది రోజులు ఉంచి, అవి దాన్ని చూసి బెదరడం మానాక వదలండి. గొర్రెలు ఈనడానికి కొన్ని వారాల ముందు తెస్తే పిల్లలతో బాగా కలుస్తుంది. మొదటి ఈతప్పుడు మాత్రం కన్నేసి ఉంచండి, కొన్ని లామాలు పుట్టిన పిల్లను పదేపదే వాసన చూస్తూ తల్లిని దగ్గరికి రానివ్వవు. మీ ఇంటి కుక్కను కూడా అది కొయోటీ లెక్కే కడుతుంది, గొర్రెలు తోలే కుక్క ఉంటే ఆ పని చేసేటప్పుడు లామాను కట్టేయండి.

హాల్టర్ (తలకు తగిలించే పగ్గం) మూతిపట్టీ కళ్లకు దగ్గరగా, పైన ఉండాలి. కిందికి జారితే మెత్తటి ముక్కుభాగం నొక్కుకుని ఊపిరాడదు. లామా ఎక్కువగా ముక్కుతోనే శ్వాస తీస్తుంది, అందుకే తన్నుకుంటుంది. జనం దాన్ని పొగరు అనుకుంటారు.

మేతకు దిగులు లేదు, రోజుకు రెండున్నర మూడు కిలోల ఎండుగడ్డి చాలు, గొర్రెలతోపాటే మేస్తుంది. ఖనిజ మిశ్రమం గొర్రెలదే పెట్టండి, లామాలకని అమ్మేదాంట్లో రాగి ఎక్కువుంటే గొర్రెలు చస్తాయి. గొర్రెపిల్లల దాణాలో కాక్సిడియా అనే పేగుల పరాన్నజీవికి మందుగా అయానోఫోర్లు కలిపి ఉంటే అది లామాకు అందకూడదు, దానికవి విషం. వేసవికి ముందు ఉన్ని కత్తిరించాలి, లేకపోతే వడదెబ్బ. రెండు మూడు నెలలకోసారి గోళ్లు కోయాలి. మగదానికి ఆరు కోరపళ్లుంటాయి, వాటి మొనలు తీయించారా అని అమ్మేవాణ్ని అడగండి.

ఒహాయోలో లామాకు అసలు ప్రమాదం కొయోటీ కాదు, తెల్లతోక జింక. దాని పెంటలోని మెదడుపొర పురుగు నత్తల్లో చేరుతుంది, గడ్డితోపాటు నత్తను మింగిన లామాకు వెన్నుపాములోకి ఎక్కుతుంది. వెనక కాళ్లు తడబడటం మొదటి గుర్తు, ఆ రోజే పశువైద్యుణ్ని పిలవాలి. దీనికోసం చాలామంది 30 నుంచి 45 రోజులకోసారి ఐవర్‌మెక్టిన్ అనే నట్టల మందు ఇంజెక్షన్ వేయిస్తారు. దానివల్ల అదే పచ్చికలో మేసే గొర్రెల నట్టలకు మందు పనిచేయడం మానేస్తుంది. కాబట్టి ముందు తడి పల్లాలకూ అడవి అంచుకూ కంచె వేసి, ఎన్ని రోజులకోసారి వేయాలో మీ డాక్టరుతో తేల్చుకోండి. లామాను కొనేముందే తేల్చుకోండి, ఎందుకంటే గొర్రెల్ని చూసే డాక్టర్లలో చాలామంది లామాను ముట్టుకోరు.